అనుమానం ఎన్ని రోజులకు సరిపోతుంది?

ఒక బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరుచేసేందుకు ప్రభుత్వానికి ఎంత రుజువు కావాలి? ఇది న్యాయవాదులు తేల్చుకోవలసిన విషయమని భావించి పక్కన పెట్టడం మనకు అలవాటైపోయింది. ఆ బిడ్డ మన ఇంటి బిడ్డ అయిన రోజున గాని ఈ ప్రశ్న బరువు తెలిసిరాదు.

మోత్కూర్‌లో ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి హైదరాబాద్‌లో కూలిపని చేస్తాడు. తల్లి ఇంటివద్ద బట్టలు కుడుతుంది. పదకొండేళ్ళ కుమారుణ్ణి మహారాష్ట్రలోని ఒక మదర్సాలో చేర్పించాలనుకుని, మరి కొందరు పిల్లలతోపాటు తెలిసిన ఉపాధ్యాయుని వెంట రైలెక్కించారు. దారిలో ఎవరికో అనుమానం కలిగింది. పోలీసులు పిల్లలను దింపి, అక్కడి బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచి, వసతి గృహానికి పంపారు. మోత్కూర్‌కు ఫోను వచ్చేసరికి రాత్రయింది. తల్లి ఎరువు తెచ్చిన డబ్బుతో మరునాడు బయలుదేరింది. అక్కడ ఆమెకు ఎదురయ్యే మొదటి ప్రశ్న: ‘‘వీడు నీ బిడ్డేనని రుజువేమిటి?’’ అనుమానించినవారి దగ్గర ఉన్న రుజువేమిటని అడిగేవారు ఆ గదిలో ఎవరూ ఉండరు. రుజువు భారం ఎప్పుడు, ఎవరి చేతి మీదుగా తన తలపైకి మారిందో ఆ తల్లికి తెలియదు.

మేము ఊహించిన కుటుంబం ఇది. అయితే ఇటువంటి ఘటన ఊహకే పరిమితం కాలేదు. దాని వివరాల్లోకి వెళ్ళే ముందు ఒక మాట స్పష్టంగా చెప్పవలసి ఉంది. పిల్లలను తక్షణమే కాపాడే అధికారం ప్రభుత్వానికి ఉండి తీరాలి. ఆ అధికారం లేకపోతే ముందుగా నష్టపోయేది పేదింటి పిల్లలే, అందులో మన పిల్లలే.

1991 ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో పదేళ్ళ ప్రాయపు బాలిక ఒకతె ఏడుస్తూ కూర్చుంది. పక్కన సౌదీ దేశస్థుడైన వృద్ధుడు. ఆయనతో ఆమెకు వివాహం జరిపించామన్నారు. ఒక ఎయిర్ హోస్టెస్ ఆ కన్నీళ్ళను చూసి ఊరుకోలేదు. విమానం దిగేసరికి పోలీసులు వచ్చారు. ఆ క్షణాన అధికారుల చేతిలో ఉన్న సాక్ష్యం ఏమిటి? ఒక పసిపిల్ల ఏడుపు, కళ్ళెదుట కనబడుతున్న వయసుల తేడా. అంతే. వయసు నిర్ధారణ, కాగితాల పరిశీలన, కోర్టు వాదనలు అన్నీ తరువాతి సంగతులు. పూర్తి రుజువు దొరికేవరకు ఆగుదామని ఆ రోజు ఎవరైనా అనుకుని ఉంటే ఆ బాలిక దేశం దాటిపోయేది. మన సముదాయంలోని కొందరు ఆనాడు పరువు గురించి బాధపడ్డారు. బాధపడవలసింది ఆ బిడ్డ గురించి.

2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు 200 మందికి పైగా పిల్లలను విడిపించారు. అత్యధికులు బీహార్ నుంచి వచ్చిన నిరుపేద కుటుంబాల పిల్లలు. వెలుతురు లేని గదుల్లో, రసాయనాల వాసనలో పొద్దంతా పనిచేసిన పిల్లలు. 2018లో మోత్కూర్ ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లాలోనే, యాదగిరిగుట్టలో, వ్యభిచార గృహాల నుంచి చిన్నారి బాలికలను పోలీసులు రక్షించినప్పుడు తెలంగాణ అంతా నివ్వెరపోయింది. ఇటువంటి చోట్ల నోటీసు ఇచ్చి, గడువు పెట్టి, ఆ తరువాత వెళ్తామంటే అక్కడ పిల్లలు మిగలరు. కనుక మొదటి రోజున తక్కువ రుజువుతోనే కదలవలసి వస్తుంది. ఈ విషయంలో మాకు సందేహం లేదు.

ఇప్పుడు అదే అధికారానికి మరో ముఖం చూద్దాం. 2023 మే 30న దానాపూర్–పుణే ఎక్స్‌ప్రెస్ నుంచి మహారాష్ట్రలోని భుసావల్, మన్మాడ్ స్టేషన్లలో 59 మంది పిల్లలను దింపారు. వారు బీహార్‌లోని అరారియా జిల్లాకు చెందినవారు. పుణే, సాంగ్లీలలోని మదర్సాలలో చదువుకునేందుకు వెళ్తున్నారు. పిల్లల అక్రమ రవాణా అన్న అభియోగంతో వెంట ఉన్న ఐదుగురిని అరెస్టు చేశారు. పిల్లలు 12 రోజులు వసతి గృహాల్లో ఉన్నారు. ఆ ఐదుగురు దాదాపు నాలుగు వారాలు జైల్లో గడిపారు. 2024 మార్చిలో రైల్వే పోలీసులు, అపార్థం వల్ల కేసు నమోదైందని పేర్కొంటూ మూసివేత నివేదికలు సమర్పించారు. ఆ రోజు చానెళ్ళు రోజంతా చూపిన ‘అక్రమ రవాణా’ వార్త ఎందరికి చేరిందో, పది నెలల తరువాత వచ్చిన మూసివేత వార్త ఎందరికి చేరిందో పాఠకులే అంచనా వేసుకోవచ్చు.

విమానంలోని బాలిక విషయంలోను, ఈ రైలు విషయంలోను మొదట ఉన్నది అనుమానమే. రెండింటినీ ఒకే గాటన కట్టలేము. విమానంలో అనుమానానికి ఆధారం ఒక బిడ్డ పడుతున్న వేదన. రైలులో ఆధారం ఏమిటి? టోపీలు పెట్టుకున్న పిల్లలు చాలామంది, వెంట గడ్డాలున్న పెద్దలు కొందరు, చేతిలో సరైన కాగితాలు లేకపోవడం. రైలు ఆపి విచారించడాన్ని మేము తప్పుపట్టడం లేదు. మదర్సాలకు ఫోను చేయడానికి, అరారియాలోని తల్లిదండ్రులతో మాట్లాడడానికి, పిల్లలను ఒక్కొక్కరిగా విడిగా అడగడానికి ఒకటి రెండు రోజులు పట్టినా అర్థముంది. 12 రోజులు, నాలుగు వారాలు ఎందుకు పట్టాయన్నదే మా ప్రశ్న.

దీనికి సమాధానం చట్టంలో వెతకాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం చాలా విషయాలను శ్రద్ధగా పొందుపరిచింది. సంరక్షణ అవసరమైన బిడ్డను 24 గంటల్లో, ప్రయాణ సమయం మినహాయించి, సమితి ముందు హాజరుపరచాలని 31వ సెక్షన్ చెబుతోంది. సామాజిక దర్యాప్తు 15 రోజుల్లో ముగియాలని, బిడ్డను మొదట హాజరుపరచిన నాటి నుంచి నాలుగు నెలల్లో తుది ఉత్తర్వు వెలువడేలా చూడాలని 36వ సెక్షన్ చెబుతోంది. అధ్యక్షుడు, నలుగురు సభ్యులు గల సమితి సమావేశం కానప్పుడు ఒక్క సభ్యుని ముందైనా బిడ్డను హాజరుపరచవచ్చు గాని, తుది నిర్ణయానికి కనీసం ముగ్గురు ఉండాలి. కుటుంబమే బిడ్డకు ప్రథమ ఆశ్రయమని, వసతి గృహం చిట్టచివరి మార్గమని, సహజ న్యాయ సూత్రాలు పాటించాలని 3వ సెక్షన్ ప్రకటించింది.

గడువులు ఉన్నాయి, సూత్రాలు ఉన్నాయి. ఎంత రుజువు ఉంటే బిడ్డను ఆపి ఉంచవచ్చో మాత్రం లేదు. విచారణ ద్వారా సమితి ‘సంతృప్తి’ చెందాలని 37వ సెక్షన్ అంటుంది. ఆ సంతృప్తికి కొలత ఏమిటో చెప్పదు. విచారణ పూర్తయ్యే లోపు బిడ్డను గృహంలో ఉంచడానికి ఎంత ఆధారం చాలునో అసలే చెప్పదు. దొంగతనం కేసులో నిందితునికి శిక్ష పడాలంటే సహేతుకమైన సందేహానికి తావులేని రుజువు కావాలి. పొలం గట్టు తగాదాలో సివిల్ కోర్టు ఏ పక్షం మాట నిజమయ్యే అవకాశం ఎక్కువో తూచి తీర్పునిస్తుంది. దాంపత్య వివాదాలకు కూడా ఈ రెండో కొలతే వర్తిస్తుందని 1975లో దాస్తానే కేసులో సుప్రీంకోర్టు తెలిపింది. విషయం ఎంత ముఖ్యమైనదైతే పరిశీలన అంత నిశితంగా ఉండాలని కూడా ఆ తీర్పులోనే చెప్పింది. గట్టు తగాదాకు ఉన్న కొలత బిడ్డకు లేకపోవడం ఏమి న్యాయం?

ఇతర దేశాలు ఈ చిక్కును ఎలా ఎదుర్కొన్నాయో గమనిస్తే ఒక దారి కనబడుతుంది. ఇంగ్లండులో 1989 నాటి పిల్లల చట్టం ప్రకారం, బిడ్డకు తీవ్రహాని కలుగుతుందని నమ్మడానికి సహేతుక కారణం ఉంటే కోర్టు అత్యవసర రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చు. అయితే దాని ఆయుష్షు 8 రోజులే. పొడిగించినా మరో 7 రోజులు, అదీ ఒక్కసారే. ఆ తరువాత బిడ్డను ఉంచుకోవాలంటే ప్రభుత్వం మళ్ళీ కోర్టుకు వచ్చి కారణాలు చూపాలి. తుది ఉత్తర్వుకైతే వాస్తవాలను రుజువు చేయాలి. అమెరికాలో తల్లిదండ్రుల హక్కులను శాశ్వతంగా రద్దు చేయాలంటే మామూలు సివిల్ కొలత చాలదని, స్పష్టమైన, బలమైన సాక్ష్యం ఉండాలని అక్కడి సుప్రీంకోర్టు 1982లో సాంటోస్కీ కేసులో తీర్పునిచ్చింది. ఆ దేశాల్లో అన్యాయాలు జరగడం లేదని మేము అనడం లేదు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో ఈ భయం లేనివారు తక్కువ. అయినా ఆ చట్టాల్లోని మెట్ల వరుస గ్రహించదగినది. రుజువు తక్కువగా ఉన్నంతకాలం ఉత్తర్వు ఆయుష్షు తక్కువగా ఉండాలి. రోజులు పెరిగేకొద్దీ రుజువు పెరగాలి. అనుమానం మొదటి రోజుకు సరిపోతుంది. పదిహేనో రోజుకు సరిపోదు.

ఈ మెట్లు లేని చోట కాలమే సాక్ష్యంగా మారిపోతుంది. 2024 మేలో అప్పటి రాచకొండ కమిషనరేట్ పోలీసులు పసిపిల్లల విక్రయాల ముఠాను పట్టుకున్నారు. చట్టబద్ధమైన దత్తత లేకుండా డబ్బిచ్చి తీసుకున్న దంపతుల ఇళ్ళ నుంచి పిల్లలను శిశుగృహానికి తరలించారు. విక్రయం నేరమన్నది నిర్వివాదం. ఆ ఇళ్ళలో ఆ పిల్లలకు హాని జరుగుతోందా అన్నది వేరే ప్రశ్న. హైకోర్టులో ఏకసభ్య ధర్మాసనం పెంచిన దంపతుల పక్షాన తీర్పునిస్తే ద్విసభ్య ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. తమ ముందుకు వచ్చిన దంపతులకు పిల్లలను తిరిగి అప్పగించాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించేసరికి ఏడాదికి పైగా గడిచిపోయింది. రెండేళ్ళ పసివాడికి ఒక ఏడాది అంటే సగం జీవితం. ఏ తీర్పు సరైనదో చర్చించుకోవచ్చు. ఆ ఏడాదిని తిరిగి ఇవ్వగల న్యాయస్థానం మాత్రం ఎక్కడా లేదు.

ఇంతవరకు ప్రభుత్వాన్ని ప్రశ్నించాము. ఇప్పుడు మన ఇళ్ళలోకి చూసుకోవాలి. బిడ్డను రుజువు లేకుండా వేరుచేసేది ప్రభుత్వం ఒక్కటే కాదు. దంపతులు విడిపోయినప్పుడు మన ఇళ్ళలో జరిగేదేమిటి? పండుగకు తీసుకువెళ్ళిన బిడ్డను తండ్రి తరఫువారు తిరిగి పంపరు. లేదా తల్లి తరఫువారు తండ్రి ముఖం కూడా చూడనివ్వరు. ‘‘ఆమె నడవడిక మంచిది కాదు’’ అన్న ఒక్క మాట మీద పెద్దల పంచాయితీ బిడ్డను దాదీ ఇంటికి పంపుతుంది. ఆ మాట ఎవరన్నారు, ఏమి చూశారు అని అడిగే పెద్దమనిషి అరుదు. రైల్వే స్టేషన్‌లో అనుమానం మీద మన పిల్లలను ఆపితే ఆక్రోశిస్తాము. అదే అనుమానం మీద మన ఆడబిడ్డ ఒడి నుంచి పసివాణ్ణి లాగేస్తే దాన్ని పరువు అంటాము.

ఈ విషయంలో మన ధర్మశాస్త్రం మౌనంగా లేదు. వార్త తెచ్చినవాడు నమ్మదగినవాడు కాకపోతే నిర్ధారించుకోకుండా ముందడుగు వేయవద్దన్నది అల్ హుజురాత్ సూరాలోని ఆదేశం. సాక్ష్యం చూపే బాధ్యత ఆరోపించినవాడిదే అన్నది ఇస్లామీ న్యాయానికి పునాది. హనఫీ సంప్రదాయంలో హిజానత్, అంటే పసిప్రాయంలో పెంపకపు హక్కు, కొడుకు విషయంలో ఏడేళ్ళ వరకు, కూతురు విషయంలో యుక్తవయసు వరకు తల్లిది. తల్లి లేకపోతే అమ్మమ్మది. పోషణ భారం తండ్రిదే. ఈ హక్కును తొలగించడానికి కారణం చూపాలి, కారణానికి రుజువు చూపాలి.

దేశ చట్టం వద్దకు వెళ్ళినా దారి ఇలాగే ఉంటుంది. 1890 నాటి సంరక్షకుల చట్టం 12వ సెక్షన్ కింద బిడ్డను హాజరుపరచమని, తాత్కాలికంగా ఒకరి వద్ద ఉంచమని కోర్టు ఆదేశించవచ్చు. సంరక్షకుణ్ణి నియమించేటప్పుడు బిడ్డ వయసు, మతం, సంరక్షకుని గుణగణాలు, బిడ్డకు తగిన వయసుంటే ఆ బిడ్డ ఇష్టం, అన్నీ చూడాలని 17వ సెక్షన్ చెబుతోంది. తల్లి మరణించి, తండ్రి పునర్వివాహం చేసుకున్న ఒక ముస్లిం కుటుంబపు వివాదంలో (అథర్ హుస్సేన్ కేసు, 2010) శాశ్వత సంరక్షకత్వం ఎవరిదన్నది వేరు, విచారణ ముగిసేవరకు పిల్లలు ఎక్కడ ఉండాలన్నది వేరు అని సుప్రీంకోర్టు విడదీసి చెప్పింది. అప్పటివరకు తల్లి తరఫు బంధువుల వద్దనే వారిని ఉండనిచ్చింది. వేధింపులకు గురవుతున్న తల్లికి 2005 నాటి గృహహింస చట్టం మరింత త్వరిత మార్గం చూపింది. 21, 23 సెక్షన్ల కింద ప్రాథమిక ఆధారం కనబడితే, అఫిడవిట్ మీదనే, అవతలి పక్షం రాకముందే మేజిస్ట్రేట్ బిడ్డను తాత్కాలికంగా ఆమెకు అప్పగించవచ్చు. ఇది దెబ్బలు తిన్న స్త్రీకి ప్రాణరక్ష. దీన్ని అడ్డం పెట్టుకుని అబద్ధపు అఫిడవిట్ వేసేవారు ఎవరైనా సరే, రేపు నిజంగా దెబ్బలు తిని కోర్టుకు వచ్చే మరో చెల్లెలి మాటకు విలువ తగ్గిస్తున్నారు. ఏకపక్ష ఉత్తర్వు కూడా తాత్కాలికమే. దరఖాస్తును మొదటి విచారణ నుంచి 60 రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టమే కోరుతోంది.

ఇక మా కోరికలు. ప్రభుత్వాన్ని, బాలల సంక్షేమ సమితులను మేము అడిగేవి చిన్నవే.

బిడ్డను ఆపి ఉంచే ప్రతి ఉత్తర్వులోనూ కారణం రాతపూర్వకంగా ఉండాలి. ఎవరు ఏమి చూశారు, ఏమి విన్నారు, ఏ కాగితం పరిశీలించారు అన్నది అందులో కనబడాలి. వేషం, భాష, మతం అనుమానానికి ఆధారాలు కారాదు. ఉత్తర్వు ప్రతి అదే రోజున తల్లిదండ్రులకు వారికి అర్థమయ్యే భాషలో అందాలి. 2017 నుంచి ఉర్దూ ఈ రాష్ట్రంలో రెండవ అధికార భాష అన్నది ఆచరణలో కనబడవలసిన చోటు ఇదే. పదిహేను రోజుల సామాజిక దర్యాప్తు నివేదిక రాకపోతే ఆ ఆలస్యానికి మూల్యం బిడ్డ చెల్లించకూడదు. హాని ఉన్నదనడానికి ఆధారం లేకపోతే బిడ్డ ఇంటికి వెళ్ళాలి, దర్యాప్తు ఇంటివద్దనే సాగాలి. ఒక బిడ్డను దత్తతకు స్వేచ్ఛగా ప్రకటించే 38వ సెక్షన్ ఉత్తర్వు కుటుంబ బంధాన్ని శాశ్వతంగా తెంచుతుంది. అక్కడికి చేరేసరికి స్పష్టమైన, బలమైన రుజువు తప్పనిసరి కావాలి. ఇవన్నీ నియమావళిలో రాయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. భారతదేశం 1992లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక కూడా ఇదే కోరుతోంది. బిడ్డను వేరుచేసే ప్రక్రియలో తల్లిదండ్రుల మాట వినాలని 9వ అధికరణం, ప్రత్యామ్నాయ సంరక్షణలో బిడ్డ మతాన్ని, భాషను గౌరవించాలని 20వ అధికరణం చెబుతున్నాయి.

మన కుటుంబాలు చేయవలసినది కూడా ఉంది. దూరప్రాంతపు మదర్సాకు పిల్లలను పంపేవారు ఉభయ తల్లిదండ్రుల సంతకాలతో అంగీకార పత్రం, మదర్సా ప్రవేశ పత్రం, ఆధార్ నకలు, ఫోను నంబర్లు వెంట పంపాలి. వారానికొకసారి బిడ్డతో నేరుగా మాట్లాడనివ్వని చోటికి పంపకూడదు. బిడ్డను ఆపారని తెలిస్తే ఆవేశపడి స్టేషన్ ముందు గుమిగూడడం కన్నా ఉత్తర్వు ప్రతి అడగడం ముఖ్యం. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 నాటి న్యాయసేవల చట్టం నిర్దేశిస్తోంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయాలి. సమితి ఉత్తర్వుపై 30 రోజుల్లో బాలల న్యాయస్థానానికి అప్పీలు చేసుకోవచ్చు. మోత్కూర్ నుంచి భువనగిరికి 40 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. ఆ దూరాన్ని ఆ తల్లి ఒంటరిగా ప్రయాణించకుండా, చదువు తెలిసిన ఒకరు వెంట వెళ్ళే ఏర్పాటును మస్జిద్ కమిటీలు చేయగలవు. అలాగే పొరుగింట్లో ఒక బిడ్డ దెబ్బలు తింటున్నా, కార్ఖానాలో మగ్గుతున్నా, పెళ్ళి పేరిట అమ్ముడవుతున్నా 1098కి ఫోను చేయడం మన బాధ్యత. పరువు కోసం నోరు మూసుకునే సముదాయానికి అన్యాయంగా ఆపిన రోజున నోరెత్తే బలం ఉండదు.

1991లో ఆ విమానంలో ఎవరో ఒకరు చూశారు, అడిగారు, ఆపారు. ఆపడానికి ఆ కన్నీళ్ళు చాలు. అరారియా పిల్లలు వసతి గృహంలో 12 రాత్రులు పడుకున్నారు. వారిలో కొందరైనా ఇంటి కోసం ఏడ్చే ఉంటారు. ఆ ఏడుపు కూడా సాక్ష్యమే. దాన్ని నమోదు చేసే గడి మన ఫారాల్లో ఇంకా లేదు.